ముఖానికి మసి పూసుకుని నవ్వించిన మనిషి: బర్ట్ విలియమ్స్, వందేళ్ళు డబ్బాలో ఉండిపోయిన సినిమా

ఒక చిన్న క్లిప్ ఊహించుకోండి. బ్లాక్ అండ్ వైట్, సౌండ్ లేదు. రంగులరాట్నం తిరుగుతోంది. దాని మీద మంచి బట్టలు వేసుకున్న నల్లజాతి జంటలు, హాయిగా నవ్వుకుంటున్నారు. కాసేపటికి హీరో హీరోయిన్‌ని ఇంటి దగ్గర దిగబెడతాడు, ఇద్దరూ ముద్దు పెట్టుకుంటారు. అంతే.

ఇందులో ఏముంది బ్రో, రోజుకి వంద రీల్స్ చూస్తాం ఇలాంటివి అంటారా? ఇది షూట్ చేసింది 1913లో. మొదటిసారి జనానికి చూపించింది 2014లో. అంటే 101 ఏళ్ళు ఎవరూ చూడలేదు. అందులో హీరో ఆ రోజుల్లో అమెరికాలో చాలా పెద్ద కమెడియన్. పేరు బర్ట్ విలియమ్స్. చార్లీ చాప్లిన్ పేరు చెప్తే మన ఇంట్లో చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. బర్ట్ విలియమ్స్ అంటే మనలో ఎంతమందికి తెలుసు? ఈ ఎపిసోడ్‌లో ఆయన కథ, ముఖ్యంగా ఆయన సినిమాల కథ చెప్పుకుందాం.

ముందు ఒక విషయం అర్థం కావాలి

ఆ క్లిప్‌లో ఒక వింత ఉంది. చుట్టూ ఉన్న నల్లజాతి నటులందరూ వాళ్ళ మామూలు ముఖాలతోనే ఉన్నారు. ఒక్క హీరో మాత్రం ముఖానికి నల్లటి మసి పూసుకున్నాడు. ఆయనా నల్లజాతివాడే. మరి నల్లవాడికి నల్లరంగు ఎందుకు?

దీన్ని బ్లాక్‌ఫేస్ అంటారు. 1830ల నుంచి అమెరికాలో మిన్‌స్ట్రెల్ షోలు అని నడిచేవి. తెల్లజాతి నటులు కార్క్ బిరడాలని కాల్చి, ఆ మసి ముఖానికి పూసుకుని, మూతి చుట్టూ తెల్లగానో ఎర్రగానో పెద్దగా గీసుకుని, నల్లవాళ్ళని ఎగతాళి చేస్తూ ఆడేవాళ్ళు, పాడేవాళ్ళు. నల్లవాడంటే బద్ధకస్తుడు, తిండిపోతు, దొంగ, మాట సరిగ్గా రానివాడు. ఇదీ వాళ్ళు తయారుచేసిన బొమ్మ. అలా ఆడిన ఒక పాత్ర పేరు జిమ్ క్రో. తర్వాత నల్లవాళ్ళని రైల్లో, బళ్ళో, హోటల్లో విడిగా పెట్టిన చట్టాలన్నిటికీ ఆ పేరే స్థిరపడిపోయింది. చూడండి, ఒక జోకు పేరు చట్టం పేరు అయిపోయింది.

ఈ షోలు ఎంత బలంగా పాతుకుపోయాయంటే, నిజమైన నల్లజాతి కళాకారులు స్టేజీ ఎక్కాలన్నా ఆ మసి పూసుకోవాల్సిన పరిస్థితి వచ్చింది. జనం డబ్బిచ్చేది ఆ బొమ్మకి. మనిషికి కాదు.

నసావు నుంచి బ్రాడ్‌వే దాకా

బర్ట్ విలియమ్స్ 1874 నవంబర్ 12న బహమాస్‌లోని నసావులో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబం అమెరికాకి వలస వచ్చి, చివరికి కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో స్థిరపడింది. మనిషి పొడగరి, చామనఛాయ, మెత్తగా మాట్లాడేవాడు, బాగా చదివేవాడు. స్టేజీ మీద ఆయన వేసే పాత్రకీ, ఆయనకీ ఎక్కడా పోలిక లేదు. నల్లవాళ్ళ మాట తీరు అని స్టేజీ మీద చెలామణీ అయ్యే ఆ యాసని ఆయన పరాయి భాష నేర్చుకున్నట్టు నేర్చుకోవాల్సి వచ్చింది.

1893లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆయనకి జార్జ్ వాకర్ పరిచయమయ్యాడు. వాకర్ది కాన్సాస్‌లోని లారెన్స్. ఇద్దరూ జోడీ కట్టారు. మొదట్లో వాకర్ కమెడియన్, విలియమ్స్ పక్కన ఉండి మాట అందించేవాడు. తర్వాత తిరగబడింది. వాకర్ సూటూ బూటూ వేసుకున్న టిప్‌టాప్ హుషారు మనిషి, విలియమ్స్ ఏ పని పెట్టుకున్నా ఎదురుతన్నే దురదృష్టవంతుడు. మసి పూసుకున్న తెల్లవాళ్ళు స్టేజీల నిండా ఉన్న రోజుల్లో వీళ్ళు ‘వాళ్ళంతా నకిలీ, మేం అసలు’ అని ప్రచారం చేసుకున్నారు. ఆ ప్రచారంలో తమని తాము పిలుచుకున్న మాట నల్లవాళ్ళని తిట్టే మాటే. తిట్టునే బ్రాండ్ చేసుకుని లోపలికి దూరారన్నమాట. అది తెలివా, అవమానమా? రెండూ.

ఒకసారి లోపలికి వెళ్ళాక ఏం చేశారో చూడండి. 1903 ఫిబ్రవరి 18న న్యూయార్క్‌లో ‘ఇన్ డహోమీ’ అనే మ్యూజికల్ మొదలైంది. రాసిందీ, సంగీతం చేసిందీ, ఆడిందీ నల్లజాతివాళ్ళే. బ్రాడ్‌వేలో ఒక పెద్ద థియేటర్‌లో అలాంటి పూర్తి నిడివి నాటకం అదే మొదటిది. అయినా చూడ్డానికి వచ్చిన నల్లజాతి ప్రేక్షకులకి మాత్రం కింద మంచి సీట్లు లేవు, పై బాల్కనీలో కూర్చోవాలి. అదే ఏడాది ఆ నాటకం లండన్ వెళ్ళింది. జూన్ 23న బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో రాజుగారి మనవడి పుట్టినరోజుకి ప్రదర్శించారు.

విలియమ్స్ గొంతు కూడా ఇంటింటికీ వెళ్ళింది. 1901 నుంచే ఆయన రికార్డులు వచ్చాయి. 1906లో రికార్డ్ చేసిన ‘నోబడీ’ పాట పెద్ద హిట్. కష్టం వచ్చినప్పుడు నా పక్కన ఎవరున్నారు, ఎవరూ లేరు అని సాగదీస్తూ పాడే పాట. నవ్వొస్తుంది, కానీ లోపల ఎక్కడో కలుక్కుమంటుంది. ఎక్కడికెళ్ళినా జనం అదే పాడమనేవాళ్ళు.

అంతలో వాకర్ జబ్బుపడ్డాడు. 1909 తర్వాత స్టేజీ ఎక్కలేదు, 1911లో చనిపోయాడు. విలియమ్స్ ఒంటరివాడయ్యాడు.

ఒక్కడే

1910లో ఫ్లోరెంజ్ జీగ్‌ఫెల్డ్ ఆయన్ని తన ‘ఫాలీస్’ షోలోకి తీసుకున్నాడు. అది అప్పటికి బ్రాడ్‌వేలో అందరి నోటా వినపడే షో. మిగతా నటీనటులందరూ తెల్లవాళ్ళు. వాళ్ళలో కొందరు నల్లవాడితో కలిసి పనిచెయ్యం అని అడ్డం తిరిగారు. జీగ్‌ఫెల్డ్ తగ్గలేదు. విలియమ్స్ ఆ దశాబ్దంలో ఎక్కువ కాలం ఆ షోకి పెద్ద ఆకర్షణగా ఉన్నాడు.

కానీ ఒప్పందంలో రెండు షరతులు ఉన్నాయి. ఒకటి, స్టేజీ మీద తెల్లజాతి స్త్రీతో ఆయన ఒంటరిగా ఉండే సీన్ పెట్టకూడదు. రెండు, దక్షిణాది రాష్ట్రాల టూర్‌కి ఆయన వెళ్ళడు. ఇవి ఆయనే అడిగి పెట్టించుకున్నాడని చెప్తారు. ఎందుకో తెలుసా? అప్పట్లో తెల్ల అమ్మాయి వైపు చూశాడన్న నింద పడితే చాలు, మూక వచ్చి నల్లవాణ్ణి చెట్టుకి వేలాడదీసిన ఘటనలు ఉన్నాయి. కాబట్టి ఇవి స్టార్ టాంట్రమ్స్ కాదు. ప్రాణభయం.

ఆయనతో కలిసి ఫాలీస్‌లో పనిచేసిన ఎడ్డీ కాంటర్ తర్వాత ఒక సంగతి గుర్తు చేసుకున్నాడు. ఊళ్ళు తిరిగేటప్పుడు హోటల్లో విలియమ్స్ ముందు లిఫ్ట్ ఎక్కకూడదు, సామాన్లు మోసే వెనక లిఫ్ట్ ఎక్కాలి. చెవుల్లో చప్పట్లు ఇంకా మోగుతూ ఉండగా ఇలా వెళ్ళడమే కష్టంగా ఉంటుంది అన్న అర్థంలో విలియమ్స్ ఆయనతో అన్నాడట. కాసేపటి క్రితం లేచి నిలబడి చప్పట్లు కొట్టినవాళ్ళు కూడా అదే హోటల్‌లో ముందు లిఫ్ట్ ఎక్కి ఉంటారు. ఇది ఒక్కసారి ఆలోచించండి.

ఇప్పుడు అసలు సినిమా

1913కి వద్దాం. బానిసత్వం రద్దు ప్రకటన వచ్చి సరిగ్గా 50 ఏళ్ళు. బయోగ్రాఫ్ అనే సినిమా కంపెనీ, క్లా అండ్ ఎర్లాంజర్ అనే నాటక వ్యాపారులు కలిసి విలియమ్స్‌ని హీరోగా పెట్టి ఒక పెద్ద కామెడీ మొదలుపెట్టారు. కథ సింపుల్. ఊళ్ళో ఒక అందమైన అమ్మాయి, ఆమె కోసం ముగ్గురు పోటీ. అమ్మాయిగా ఒడెస్సా వారెన్ గ్రే నటించింది. హార్లెమ్‌లో నాటకాలు ఆడే నల్లజాతి కళాకారులు పదుల సంఖ్యలో ఇందులో ఉన్నారు. క్లబ్బు మీటింగులు, ఊరేగింపు, పిక్నిక్, కేక్‌వాక్ డాన్స్, మనం మొదట చెప్పుకున్న రంగులరాట్నం, అన్నీ ఉన్నాయి.

ఇక్కడ మసి సంగతి మళ్ళీ వస్తుంది. హీరో ఒక్కడు మసి పూసుకుంటే చాలు, అలవాటైన బొమ్మ తెర మీద ఉంది కదా అని తెల్ల ప్రేక్షకులు సర్దుకుంటారు. దాంతో మిగతా నల్లజాతి నటులు మామూలు మనుషుల్లా, సొంత ముఖాలతో, మంచి బట్టలతో కనిపించే వీలు దొరుకుతుంది. ఈ సినిమాని పరిశీలించినవాళ్ళు ఇచ్చిన వివరణ ఇది. అంటే ఆయన ముఖం మీద మసి మిగతావాళ్ళకి గొడుగులా పనిచేసింది. గొడుగు పట్టుకున్నవాడు మాత్రం తడిశాడు.

ఏడు రీళ్ళు షూట్ చేశారు. కానీ ఎడిటింగ్ పూర్తి కాలేదు, టైటిల్ కార్డులు పెట్టలేదు, రిలీజ్ అవ్వలేదు. పక్కన పడేశారు.

రెండేళ్ళ తర్వాత 1915లో ఇంకో సినిమా వచ్చింది. ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’. తీసింది డి. డబ్ల్యు. గ్రిఫిత్, అంతకుముందు ఇదే బయోగ్రాఫ్‌లో వందల కొద్దీ చిన్న సినిమాలు తీసినవాడు. అందులో నల్లవాళ్ళు విలన్లు, ముఖ్యమైన నల్లజాతి పాత్రలు వేసింది మసి పూసుకున్న తెల్లవాళ్ళు, హీరోలు కూ క్లక్స్ క్లాన్. సినిమా దేశమంతా ఆడింది. అదే ఏడాది క్లాన్ మళ్ళీ పుట్టింది.

ఇప్పుడు ఈ రెండూ పక్కపక్కన పెట్టండి. నల్లవాళ్ళు ప్రేమించుకుంటూ, డాన్స్ చేస్తూ, నవ్వుకుంటూ ఉన్న సినిమా డబ్బాలో ఉండిపోయింది. నల్లవాళ్ళని రాక్షసుల్లా చూపించిన సినిమా చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కింది. ఏ సినిమా తీశారన్నదొక్కటే చరిత్ర కాదు ఫ్రెండ్స్. ఏది విడుదల చేశారన్నది కూడా చరిత్రే.

డబ్బాలు ఎలా దొరికాయి

బయోగ్రాఫ్ మూతపడింది. 1939లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్, షార్ట్‌గా మోమా, అక్కడి ఫిల్మ్ క్యూరేటర్ ఐరిస్ బ్యారీ బయోగ్రాఫ్ వాళ్ళ సుమారు 900 నెగటివ్‌లని కాపాడి తీసుకొచ్చింది. వాటిలో ఈ రీళ్ళూ ఉన్నాయి. కానీ పేరు లేదు, స్క్రిప్ట్ లేదు, ఇందులో ఎవరున్నారో రాసిన కాగితం లేదు.

ఇంకో సంగతి. ఆ రోజుల ఫిల్మ్ నైట్రేట్ ఫిల్మ్. ఇట్టే అంటుకుంటుంది, లేకపోతే దానంతట అదే పొడి అయిపోతుంది. అమెరికాలో తీసిన పూర్తి నిడివి మూకీ సినిమాల్లో సుమారు 70 శాతం పూర్తిగా పోయాయని అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2013లో తేల్చింది. అంత విధ్వంసంలో, రిలీజ్ కూడా కాని సినిమా బతకడం అదృష్టం.

2000ల్లో మోమా క్యూరేటర్ రాన్ మాగ్లియోజ్జీ టీమ్ దీని మీద గట్టిగా కూర్చుంది. ఒక్కో ముఖాన్నీ పాత ఫొటోలతో పోల్చుకుంటూ గుర్తుపట్టారు. పెదాల కదలిక చూసి మాటలు చెప్పేవాళ్ళ సాయం తీసుకుని, నటులు ఏం మాట్లాడుతున్నారో, కథ ఏంటో కనిపెట్టారు. ‘లైమ్ కిల్న్ క్లబ్ ఫీల్డ్ డే’ అని పేరు పెట్టారు. 2014లో ప్రదర్శన పెట్టారు. దాని పేరు ‘100 ఇయర్స్ ఇన్ పోస్ట్-ప్రొడక్షన్’. అదే ఏడాది దీన్ని అమెరికా జాతీయ సినిమా రిజిస్ట్రీలో కూడా చేర్చారు.

ఎడిటింగ్ కాకపోవడం వల్ల ఒక మేలు కూడా జరిగింది. టేకుకీ టేకుకీ మధ్య ముక్కలు కత్తిరించకుండా అలాగే ఉన్నాయి. కెమెరా ఆగకముందు నటులు పాత్రలోంచి బయటికొచ్చి మామూలుగా నిలబడటం, నల్లజాతి నటులూ తెల్ల డైరెక్టర్లూ ఒకే చోట పనిచేసుకోవడం కనిపిస్తాయి. ఇప్పటి భాషలో చెప్పాలంటే, 1913 నాటి బిహైండ్ ద సీన్స్ వీడియో. విలియమ్స్ తలతిప్పి, ముఖంలోంచి ఆ పాత్ర జారిపోయే ఆ క్షణం ఉంటుందే, ఆ మసి వెనక ఒక ఆలోచించే మనిషి ఉన్నాడని తెలిసిపోతుంది.

లేని టేబుల్ మీద పేకాట

1916లో బయోగ్రాఫ్‌కే విలియమ్స్ రెండు చిన్న సినిమాలు చేశాడు. ‘ఎ నాచురల్ బార్న్ గ్యాంబ్లర్’, ‘ఫిష్’. ఇవి రిలీజ్ అయ్యాయి, ఇప్పటికీ ఉన్నాయి. మొదటిది మీ ఫోన్‌లోనే వెతికి చూడొచ్చు.

కథలో గొప్పేం లేదు. నల్లవాళ్ళంటే జూదం, పోలీసులు, జైలు అనే పాత మూసే. అది చూస్తుంటే ఇబ్బందిగానే ఉంటుంది, ఉండాలి కూడా. కానీ చివర్లో జైలు గదిలో ఒక సీన్ ఉంది. విలియమ్స్ ఒంటరిగా కూర్చుంటాడు. చేతిలో ముక్కలు లేవు, ఎదురుగా ఎవరూ లేరు. అయినా పేకాట మొదలుపెడతాడు. ముక్కలు కలుపుతాడు, పంచుతాడు, తన ముక్కలు ఎత్తి చూసుకుంటాడు, లేని ఎదుటివాడి మీద అనుమానపడతాడు, పందెం పెంచుతాడు, చివరికి ఓడిపోతాడు. ఇది ఫాలీస్‌లో ఆయన ఫేమస్ ఐటమ్. అక్కడ ఒక్క లైటు వెలుగులో చేసేవాడు, ఇక్కడ కెమెరా ముందు.

చూసేటప్పుడు చేతుల్ని గమనించండి. కళ్ళని గమనించండి. ముఖం మీద కండరం ఎక్కువ కదలదు. కనుబొమ్మ కొంచెం లేస్తుంది, ఆశ వచ్చిందని తెలుస్తుంది. భుజం కొంచెం దిగుతుంది, ముక్క పోయిందని తెలుస్తుంది. ఆ కాలం మూకీ కామెడీ అంటే ఎక్కువగా పరుగులు, తన్నులు, పడటాలు. ఈయన కూర్చున్న చోటే కూర్చుని మొత్తం టేబుల్‌ని మనకి చూపించాడు. గదిలో లేని మనుషులు కనిపిస్తారు మనకి. ఉన్న మనిషిని మాత్రం ఆ దేశం సరిగ్గా చూడలేదు.

మరి ఎందుకు ఆగిపోయింది?

అదే 1916లో చార్లీ చాప్లిన్ మ్యూచువల్ కంపెనీతో ఏడాదికి 6,70,000 డాలర్ల ఒప్పందం చేసుకుని, తన సినిమాలు తనే నడిపించుకునే స్వేచ్ఛ తెచ్చుకున్నాడు. విలియమ్స్‌కి ఆ ఏడాది రెండు చిన్న సినిమాలు. తర్వాత సినిమాలే లేవు.

టాలెంట్ తక్కువై కాదు. వ్యాపారం ఎలా నడుస్తుందో చూడండి. నాటకం అయితే న్యూయార్క్‌లో ఆడి బతకొచ్చు, దక్షిణాదికి వెళ్ళను అని ఒప్పందంలో రాసుకోవచ్చు. సినిమా అలా కాదు. ప్రింట్ దేశమంతా తిరగాలి, ప్రతి ఊరి హాలు ఓనరూ కొనాలి. నల్లవాడు హీరోగా, ప్రేమికుడిగా ఉన్న బొమ్మని జిమ్ క్రో ఊళ్ళో ఎవడు కొంటాడు? మనిషి దక్షిణాదికి వెళ్ళకుండా ఉండొచ్చు. డబ్బా వెళ్ళకపోతే నిర్మాతకి గిట్టదు. స్టేజీ మీద ఆయన సంపాదించుకున్న జాగా తెర మీద దొరకలేదు.

1922లో ‘అండర్ ది బాంబూ ట్రీ’ అనే నాటకంతో టూర్‌లో ఉండగా, డెట్రాయిట్‌లో స్టేజీ మీదే కుప్పకూలాడు. అది కూడా కామెడీలో భాగమే అనుకుని జనం నవ్వారని చెప్తారు. మార్చి 4న న్యూయార్క్‌లో చనిపోయాడు. 47 ఏళ్ళు.

ఆయన్ని ఎలా చూడాలి?

ఇక్కడ రెండు వాదనలు ఉన్నాయి. ఒకటి, ఆయన మసి పూసుకుని ఆ అవమానకరమైన బొమ్మని ఇంకా బలపరిచాడు. తర్వాత 1930ల హాలీవుడ్‌లో స్టెపిన్ ఫెచిట్ లాంటివాళ్ళకి దొరికినవీ ఆ బద్ధకస్తుడి పాత్రలే. రెండు, ఆయన దొరికిన ఒక్క తలుపులోంచి దూరి, ఆ బొమ్మ లోపల ఒక మనిషిని పెట్టాడు, వెనక వచ్చేవాళ్ళకి తలుపు తెరిచి పట్టుకున్నాడు.

నా ఉద్దేశం చెప్తాను. రెండూ నిజమే, కానీ బరువు సమానం కాదు. మసి పూసుకోవాలన్న రూల్ ఆయన పెట్టింది కాదు. రూల్ పెట్టినవాళ్ళని వదిలేసి, పూసుకున్నవాణ్ణి మాత్రం బోనులో నిలబెట్టడం తేలిక. ఆయన గురించి తోటి నటుడు డబ్ల్యు. సి. ఫీల్డ్స్ అన్న మాట ప్రసిద్ధం. తను చూసినవాళ్ళలో అందరికంటే నవ్వించినవాడు, తనకి తెలిసినవాళ్ళలో అందరికంటే దిగులున్నవాడు ఆయనే అని. ఆ దిగులు ఆయన స్వభావం అని కొట్టిపారేయకండి. వెనక లిఫ్ట్ ఎక్కించినవాళ్ళు ఇచ్చింది అది.

మనం రోజూ కామెడీ చూస్తాం, ఫార్వర్డ్ చేస్తాం. ఒకరి రంగు మీద, యాస మీద, ఊరి మీద వేసిన జోకు వచ్చినప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఇక్కడ మనిషితో కలిసి నవ్వుతున్నామా, మనిషిని చూసి నవ్వుతున్నామా? విలియమ్స్ జీవితమంతా ఆ రెండిటి మధ్య సన్న గీత మీదే నడిచింది.

సరే ఫ్రెండ్స్. ఈ రోజు కుదిరితే ఆ పేకాట సీన్ చూడండి. కొన్ని నిమిషాలే. చూశాక, ఎన్ని ముక్కలు పంచాడో, టేబుల్ చుట్టూ ఎంతమంది ఉన్నారని మీకు అనిపించిందో కింద రాయండి. మళ్ళీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.